బడిపంతులు గిడుగు రామమూర్తిగారు

దుమ్ముగూడేనికి ఒక ప్రక్క గోదావరి, తక్కిన ప్రక్కల అడవి. భద్రాచలం నుండి నది వెంట ఎగువకు పోయేవారికి పర్ణశాలకు ముందు ఈ ఊరు తగులుతుంది. పందొమ్మిదవ శతాబ్దిలో ఆర్థర్ కాటన్ దొర గోదావరి మీద ఎగువ దేశాల దాకా పడవలు నడిపించాలని సంకల్పించినప్పుడు ఇక్కడ ఆనకట్ట లేచింది. ఆ రోజులలోనే ఇక్కడికి మిషనరీలు కూడా వచ్చారు. వారిలో జాన్ కెయిన్ అనే ఆయన పెక్కు సంవత్సరాలు దుమ్ముగూడెంలో నివసించి, కోయవారి భాషను, ఆచారాలను గూర్చి ఇంగ్లీషులో వ్యాసాలు వ్రాశాడు. కాబట్టి అడవిలో పుట్టిన బిడ్డకు చదువు ఏ మాటలో చెప్పాలి అన్న ప్రశ్న ఈ ప్రాంతానికి కొత్తది కాదు. ఊరి పిల్లవానికి బడి కాలినడక దూరం మాత్రమే. గూడెం పిల్లవాడు ఆ దూరం నడిచి వచ్చిన తరువాత మాట అనే మరొక వాగు దాటవలసి ఉంటుంది. వాగు ఈవలి ఒడ్డున నిలబడి పిల్లవానిని రమ్మని పిలిచే ఉపాధ్యాయులు అనేకులు. తానే ఆవలి ఒడ్డుకు పోయి చేయి పట్టుకొని తీసుకువచ్చినవారు అరుదు. అట్టి అరుదైనవారిలో అగ్రగణ్యులు శ్రీ గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు. వారు పనిచేసినది ఈ కోయ సీమలో కాదు, ఇక్కడికి చాలా దూరాన, గంజాం మన్యపు అంచున ఉన్న పర్లాకిమిడిలో. ఐనా ఆయన జీవితం అడవి అంచున నివసించే ప్రతి ఊరికీ చెందినది.

రామమూర్తిగారు 1863వ సంవత్సరం ఆగస్టు 29వ తేదీన, వంశధారా తీరాన శ్రీముఖలింగ క్షేత్రానికి సమీపంలోని పర్వతాలపేట గ్రామంలో జన్మించారు. తండ్రి వీర్రాజుగారు రెవిన్యూ ఉద్యోగి. తల్లి వెంకమ్మగారు. బాలునికి పన్నెండేండ్లు నిండే వేళకు, 1875లో, తండ్రి విషజ్వరంతో మరణించారు. దిక్కు తప్పిన కుటుంబానికి మేనమామగారు ఆసరా అయ్యారు. రామమూర్తిగారు విజయనగరం చేరి మహారాజావారి ఇంగ్లీషు పాఠశాలలో చదివారు. అక్కడ ఆయనకు సహాధ్యాయిగా దొరికినవాడు గురజాడ అప్పారావు. ఒకే బల్ల మీద కూర్చున్న ఆ ఇద్దరు కుర్రవాళ్ళూ మూడు దశాబ్దాల తరువాత ఒకే పోరాటంలో భుజం భుజం కలిపి నిలుస్తారని అప్పుడెవరూ ఊహించి ఉండరు.

1879లో మెట్రిక్యులేషను పూర్తి అయింది. పై చదువుకు తాహతు లేదు. 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో నెలకు 30 రూపాయల జీతం మీద ఉపాధ్యాయులుగా చేరారు. అప్పటికి వయస్సు పదిహేడేండ్లు. ఈ ముప్పది రూపాయలను పాఠకులు జ్ఞాపకముంచుకోవాలి. ముందు దీనితో పని ఉన్నది. పగలు పాఠాలు చెబుతూ, రాత్రులు చదువుకొంటూ 1886లో ఎఫ్.ఏ., 1896లో బి.ఏ. పరీక్షలలో ప్రైవేటుగా ఉత్తీర్ణులైనారు. బి.ఏ. పట్టా చేతికి వచ్చేనాటికి ఆయన ముప్పదిమూడేండ్ల గృహస్థు, పదహారేండ్ల అనుభవం గల ఉపాధ్యాయుడు. బోధించే మనిషి తాను విద్యార్థిగా ఉండటం మానకూడదన్న నియమం ఆయనకు ఎవరో ఉపదేశించినది కాదు. జీవితావసరమే ఆ అలవాటు చేసింది. అవసరం తీరిన తరువాత కూడా ఆయన దానిని విడువలేదు.

పాఠశాలలో ఆయనకు ఒప్పగించిన విషయం చరిత్ర. ఆ కాలపు చరిత్ర పుస్తకాలలో రాజుల పట్టికలు, యుద్ధాల తేదీలు తప్ప కళింగదేశపు పిల్లలకు తమ సొంత నేలను గూర్చి తెలిపేది స్వల్పం. తమకు కూతవేటు దూరంలో ముఖలింగం గుడి గోడల నిండా శాసనాలు ఉన్నవి. వాటిని చదవగలవారు ఆ చుట్టుప్రక్కల లేరు. రామమూర్తిగారు ప్రాచీన లిపులను తామే అభ్యసించి, ఆ గోడల ముందు నిలబడి ఒక్కొక్క అక్షరం కూడబలుకుకొన్నారు. ముఖలింగమే గాంగరాజుల పురాతన రాజధానియైన కళింగనగరమని ప్రతిపాదించారు. వజ్రహస్తుని నడగాం తామ్రశాసనాన్ని పరిష్కరించి ప్రకటించారు. ఇంగ్లీషు పరిశోధన పత్రికలలో ఆయన వ్యాసాలు వెలువడినవి. పండితులకు ఇవి చరిత్ర పరిశోధనలు. తరగతిలో కూర్చున్న బాలునికి మాత్రం వాటి అర్థం వేరు. తన పంతులు పుస్తకంలో ఉన్నది వల్లించటం లేదు, తానే పోయి చూచి వచ్చి చెబుతున్నాడు. ఏదైనా ఒక మాటను నమ్మే ముందు దానికి ఆధారం అడగాలన్న బుద్ధి విద్యార్థికి ఇట్లా అబ్బుతుంది. వేరే నీతిపాఠం పెట్టి చెప్పినా ఇంతగా అబ్బదు.

పర్లాకిమిడి చుట్టూ ఉన్న కొండలలో సవరలు నివసిస్తారు. కొండ పంటలు, అడవి సరకులు తెచ్చి పల్లపు సంతలలో అమ్ముకొని, ఉప్పు, గుడ్డ కొనుక్కొని చీకటి పడకముందే కొండ ఎక్కిపోతారు. తూకంలోనూ లెక్కలోనూ మోసపోవటం వారికి నిత్యకృత్యం. చదువు రాని మనిషికి ఎదుటివాడు వ్రాసిన కాగితం మీద వేలిముద్ర వేయటం తప్ప మరొక దారి లేదు. పల్లపువాళ్ళు వారి మాటను ఒక భాషగానే గుర్తించేవారు కారు. ఏవో కొండ కూతలని నవ్వుకొనేవారు. ఆ కూతలలో వ్యాకరణం ఉన్నదని, పాటలు, కథలు ఉన్నవని తెలుసుకోవాలన్న కోరిక ఆ ఊరిలో ఒక్క బడిపంతులుకు కలిగింది.

నేర్చుకొనటం ఎట్లా? నిఘంటువు లేదు, వ్యాకరణం లేదు, లిపి అసలే లేదు. తెలుగు, సవర రెండూ మాట్లాడగల ఒక వ్యక్తిని రామమూర్తిగారు తమ ఇంటిలోనే ఉంచుకొని, అతని ముందు శిష్యులై కూర్చున్నారు. ఇది చెప్పటానికి తేలిక. ఆ కాలపు ఆచారవ్యవహారాలు తెలిసినవారికి దీని బరువు తెలుస్తుంది. బ్రాహ్మణ గృహస్థు, రాజావారి పాఠశాలలో గౌరవనీయుడైన ఉపాధ్యాయుడు, లోకం చదువులేనివాడని త్రోసివేసిన మనిషిని గురువుగా స్వీకరించటం ఇరుగుపొరుగులకు రుచించే విషయం కాదు. సవరలు ఆయన ఇంటికి వచ్చేవారు, అరుగు మీద కూర్చొనేవారు, అక్కడ భోజనం చేసేవారు. ఆయన కొండలెక్కి వారి పల్లెలకు పోయేవారు. ఊరిలో గుసగుసలు బయలుదేరినవి. ఆయన వాటికి సమాధానం చెప్పే ప్రయత్నం చేయలేదు. మరుసటి ఉదయం మళ్ళీ నోటుపుస్తకం తెరిచి కూర్చొనేవారు.

సవర భాష తెలుగుకు చుట్టం కాదు. కోయ భాష మన తెలుగుతో పాటు ద్రావిడ కుటుంబానికి చెందినది గనుక, దుమ్ముగూడెం పరిసరాలలో తెలుగువాడు చెవియొగ్గి వింటే ఒకటి రెండు మాటలైనా పోలిక పట్టగలడు. సవర ముండా కుటుంబానికి చెందినది. సంతాలీకి, ముండారీకి దాయాది. మాట చివర శ్వాసను గొంతులో చటుక్కున నొక్కిపట్టి విడిచే ధ్వనులు అందులో ఉన్నవి. తెలుగు అక్షరాలకు అవి అందవు. క్రియలోనే నామాన్ని ఇముడ్చుకొని, మనం ఒక వాక్యంగా చెప్పేదానిని ఒకే పదంగా పలకటం దానికి సహజం. లెక్కల తీరు మరీ విచిత్రం. పన్నెండు వరకు విడి పేర్లు ఉన్నవి. పదమూడు అంటే పన్నెండూ ఒకటి. ఇరవై రాగానే అదొక కట్ట. ముప్పదిమూడు అనాలంటే ఇరవై, పన్నెండు, ఒకటి అని కూర్చి చెబుతారు. ఇట్టి లెక్క అలవడిన పిల్లవానిని పట్టుకొని, పదులలోనూ ఒకట్లలోనూ కూడికలు చెప్పి, వానికి రాకపోతే మందబుద్ధి అని ముద్ర వేసే పంతులు తన అజ్ఞానానికే పిల్లవానిని దండిస్తున్నాడని అర్థం. పిల్లవాడు లెక్క తెలియనివాడు కాడు. వానికి వచ్చిన లెక్క పంతులుకు రాదు.

రామమూర్తిగారికి ఈ సంగతి తెలిసినది గనుకనే తెలుగు వాచకాలను కొండకు మోసుకుపోయే పని పెట్టుకోలేదు. సవర భాషలోనే పిల్లలకు పుస్తకాలు వ్రాశారు. ఆ పిల్లలకు బడులు పెట్టారు. ఉపాధ్యాయులకు జీతాలు తమ జేబులో నుండి చెల్లించారు. పైన జ్ఞాపకముంచుకోమన్న ముప్పది రూపాయల పని ఇక్కడ ఉన్నది. ఏండ్ల మీద ఆ జీతం కొంత పెరిగి ఉండవచ్చు గాని, బడిపంతులు జీతం ఏనాడైనా బడిపంతులు జీతమే. అందులో నుండే ఇల్లు గడవాలి, పుస్తకాలు కొనాలి, కొండ బడులు నడవాలి. సవర భాషలో ఆయన చేసిన కృషికి మెచ్చి ప్రభుత్వంవారు పారితోషికం ఇవ్వజూపితే, అది తమకు వద్దనీ, ఆ ధనంతో సవరలకు పాఠశాలలు పెట్టించవలసినదనీ ఆయన కోరిన సంగతి ప్రసిద్ధమే. ఇది త్యాగమని చాలామంది వ్రాశారు. ఆయన దృష్టిలో అది త్యాగం అయి ఉండదు, లెక్క అయి ఉంటుంది. బడి కావాలి, డబ్బు వచ్చింది, డబ్బు బడికి పోవాలి.

ఆ కొండలు మలేరియాకు పుట్టిల్లు. మాటిమాటికీ జ్వరం తగిలేది. జ్వరానికి అప్పటి మందు క్వినైన్. ఏండ్ల తరబడి ఆ చేదు మందు పుచ్చుకొనటం వలన ఆయన చెవులు దెబ్బతిన్నవి. వినికిడి క్రమంగా సన్నగిల్లి చివరకు పెద్ద చెవుడుగా పరిణమించింది. ఎవరూ పట్టించుకోని ఒక భాషలోని అతి సూక్ష్మమైన ధ్వనులను విని, గుర్తుపట్టి, కాగితం మీద పెట్టటానికి పూనుకొన్న మనిషికి ఆ ప్రయత్నంలోనే చెవులు పోయినవి. ఐనా పని ఆగలేదు. కుమారులు శ్రీ గిడుగు వెంకట సీతాపతిగారు తండ్రి వెంట సవర భాషలో పరిశ్రమ చేసి చేదోడు వాదోడుగా నిలిచారు. తరువాతి కాలంలో బాలసాహిత్యానికి సీతాపతిగారు చేసిన సేవ తెలుగు పాఠకులకు సుపరిచితం.

ఇక్కడ కాలం దాటి ఒక మాట చెప్పుకోవటం తప్పు కాదు. బిడ్డకు మొదటి చదువు ఇంటి మాటలో చెప్పాలన్నది రామమూర్తిగారు కొండమీద ఆచరించి చూపిన తరువాత, ప్రభుత్వాలు దానిని పెద్దయెత్తున చేపట్టటానికి నూరేండ్లు పట్టింది. ఇరవైయొకటవ శతాబ్ది మొదటి దశకంలో, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో, సవర, కోయ, గోండి, కొలామీ మొదలైన భాషలలో తెలుగు లిపితో ప్రాథమిక వాచకాలు తయారైనవి. కోయ వాచకం పట్టుకొన్న పిల్లవానికి రామమూర్తిగారి పేరు తెలిసి ఉండనక్కరలేదు. ఆ వాచకానికి మాత్రం ఆయనతో చుట్టరికం ఉన్నది.

సవర బడులలో కలిగిన అనుభవం ఆయనను మరొక పెద్ద ప్రశ్నకు తీసుకుపోయింది. సవర పిల్లవానికి తెలుగు పుస్తకం పరాయిది, సరే. తెలుగు పిల్లవానికి తెలుగు పుస్తకం సొంతమా? 1907 ప్రాంతంలో జె.ఎ. యేట్స్ అనే ఆంగ్లేయుడు ఉత్తర సర్కారు జిల్లాలకు పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా వచ్చాడు. ఆయన తెలుగు నేర్చుకొంటూ తరగతులు తనిఖీ చేస్తూ ఒక వింత గమనించాడు. పంతులు పిల్లలతో మాట్లాడేది ఒక తెలుగు, పుస్తకంలో ఉన్నది మరొక తెలుగు. పంతులు పుస్తకంలోని తెలుగును నోటి తెలుగులోకి మార్చి అర్థం చెప్పి, మళ్ళీ పిల్లవానిచేత పుస్తకపు తెలుగులోనే వ్రాయిస్తాడు. ఇది ఎందుకని యేట్స్ విశాఖపట్నంలో మిసెస్ ఎ.వి.ఎన్. కాలేజీ అధ్యక్షులైన పి.టి. శ్రీనివాస అయ్యంగారిని అడిగితే, దీనికి జవాబు చెప్పగలవారు గురజాడ, గిడుగు అని ఆయన సూచించారట. అట్లా చిన్ననాటి సహాధ్యాయులిద్దరూ మళ్ళీ కలిశారు.

నాటి బడి స్థితి నేటివారికి ఊహకు అందదు గనుక కొంచెం వివరించవలసి ఉన్నది. పిల్లవాడు ఇంట్లో వస్తున్నాడు అంటాడు, చేస్తాను అంటాడు. బడిలో వచ్చుచున్నాడు, చేసెదను అని వ్రాయకపోతే తప్పు. అరసున్న మరిచిపోతే తప్పు, బండి ర బదులు మామూలు ర వ్రాస్తే తప్పు. తాను నిన్న సంతలో చూచిన ఎద్దుల జతను గూర్చి నాలుగు వాక్యాలు వ్రాయమంటే, ఎద్దులు పోయి రూపనిష్పత్తి మిగులుతుంది. వానికి చెప్పవలసిన సంగతి ఉన్నది, చెప్పటానికి మాట ఉన్నది. ఆ మాట అంటరానిదని బడి శాసించింది. అప్పుడు బుద్ధిగల పిల్లవాడు చేసే పని ఒక్కటే. సొంతంగా వ్రాయటం మాని, పుస్తకంలోని వాక్యాలను కంఠస్థం చేసి దింపటం. దానికి మార్కులు కూడా వస్తవి. రామమూర్తిగారికి ఇది భాషకు సంబంధించిన తగవు కన్న ముందు పిల్లవాని నిజాయితీకి సంబంధించిన తగవుగా కనిపించింది. తనకు తెలియని మాటలో, తాను తలచని భావాన్ని, తనదిగా వ్రాసి చూపటం నేర్పే బడిలో శీలం ఎట్లా పెరుగుతుంది?

1911లో ముప్పదియేండ్ల ఉద్యోగం ముగించుకొని రామమూర్తిగారు విశ్రాంతి తీసుకొన్నారు. విశ్రాంతి అనటం వాడుక మాత్రమే. అసలు పని అప్పుడు మొదలైంది. 1912-13 ప్రాంతంలో స్కూలు ఫైనలు పరీక్షలో తెలుగు వ్యాసం ఆధునిక భాషలో వ్రాయటానికి కొంత అనుమతి దొరికింది. వెంటనే పండితలోకం కల్లోలపడింది. జయంతి రామయ్య పంతులుగారి నాయకత్వంలో ఆంధ్ర సాహిత్య పరిషత్తు ఎదురు నిలిచింది. సభలు, మహజర్లు, పత్రికలలో వాదాలు. గురజాడవారు 1914లో తమ అసమ్మతి పత్రం సమర్పించారు. 1915 నాటికి ప్రభుత్వం వెనుకకు తగ్గింది, ఇచ్చిన అనుమతి ఆగిపోయింది. ఆ సంవత్సరం నవంబరులోనే అప్పారావుగారు కన్నుమూశారు. రామమూర్తిగారికి అవి రెండు దెబ్బలు.

ప్రతిపక్షులను దుష్టులుగా చిత్రించటం న్యాయం కాదు. వారిలో మహాపండితులు ఉన్నారు, భాషను ప్రాణంగా ప్రేమించినవారు ఉన్నారు. జిల్లాకొక తీరుగా మాట్లాడే తెలుగులో ఏది పుస్తకానికి ఎక్కించాలి, పిల్లలు వాడుక భాషకు అలవాటుపడితే నన్నయ తిక్కనలను చదివేదెవరు అన్న వారి భయాలు ఉత్త భయాలు కావు. ఈనాటికీ ఆ రెండవ భయం కొంత నిజమేనని ఒప్పుకోవాలి. రామమూర్తిగారు వారికి కోపంతోనే కాక ఆధారాలతోనూ జవాబిచ్చారు. ప్రాచీన కావ్యాలను ఆమూలాగ్రం గాలించి, తప్పులని వ్యాకరణాలు కొట్టివేసిన రూపాలను మహాకవులే ప్రయోగించారని బాలకవి శరణ్యమనే గ్రంథంలో నిరూపించారు. పూర్వులు వచనాన్ని తమ కాలపు వాడుకకు దగ్గరగానే వ్రాసుకొన్నారని గద్యచింతామణిలో ఉదాహరణలు కూర్చి చూపారు. గ్రాంథికమే సరియని వాదించేవారి వ్రాతలలోనే గ్రాంథిక దోషాలు ఏరి ఎదుట పెట్టేవారు. ముఖలింగం గోడల ముందు అలవడిన పద్ధతి ఇదే: మాట అనవద్దు, రాయి చూపించు. గ్రాంథికం రాక దానిని వద్దన్నవాడని ఆయనను ఎవరూ అనలేకపోయారు.

ఆయనలో లోపాలు లేవా? ఉన్నవి. వాదంలో దిగితే విడిచిపెట్టటం ఎరుగరు. ఎదుటివారి పొరపాటును చూచీచూడనట్లు పోవటం ఆయన స్వభావంలో లేదు. చెవుడు వలన ఎదుటివారి సమాధానం సరిగా వినబడక, తమ వాదమే ఎడతెగక సాగించటంతో సభలలో కొందరు విసిగిపోయిన మాట వాస్తవం. ఉపాధ్యాయ వృత్తిలో ముప్పదేండ్లు గడిపినవారికి వచ్చే ఒక జబ్బు ఇది: లోకమంతా తరగతిగా కనిపిస్తుంది. కాని ఆ మొండితనమే లేకపోతే 1915 తరువాత ఆ ఉద్యమం చల్లారిపోయి ఉండేది. మరొకరైతే ఇంటికి పోయి పెన్షను తీసుకొంటూ కూర్చొనేవారు.

1919లో రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం పంతులుగారు అధ్యక్షులుగా వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడింది. ఒకప్పుడు గ్రాంథికంలో మేటియైన వీరేశలింగంగారు తుదిదశలో ఈ పక్షం వహించటం రామమూర్తిగారికి కొండంత బలం. ఆ బలం ఎక్కువ కాలం నిలవలేదు. ఆ మే నెలలోనే వీరేశలింగంగారు పరమపదించారు. అదే ప్రాంతంలో రామమూర్తిగారు తెలుగు అనే పేరుతో మాసపత్రిక పెట్టి ఒక సంవత్సరం నడిపారు. పత్రిక ఆగింది. ఉపన్యాసాలు ఆగలేదు. ఊరూరా తిరిగి ఉపాధ్యాయులను, యువకవులను, పత్రికలవారిని కలుసుకొంటూ వచ్చారు. శాసనం చేసి మార్చలేని దానిని పత్రికలు, కథలు, నవలలు మెల్లమెల్లగా మార్చివేసినవి. బడులు, విశ్వవిద్యాలయాలు చాలా వెనుకబడి వచ్చినవి. ఆయన పోయిన తరువాత సుమారు మూడు దశాబ్దాలకు గాని ఉన్నత పరీక్షలలో వాడుక భాషకు పూర్తి అంగీకారం దొరకలేదు. గ్రామ గ్రంథాలయానికి వచ్చి దినపత్రిక విప్పి, ప్రక్కవానికి అర్థం చెప్పనక్కరలేకుండా పైకి చదివి వినిపించే రైతుకు ఆ సౌకర్యం ఊరకే వచ్చింది కాదు.

బిరుదులు, సన్మానాలు ఆయనను వెదుక్కొంటూ వచ్చినవి. 1913లో రావు సాహేబు బిరుదం. 1931లో ఆయన సవర భాషా వ్యాకరణాన్ని మద్రాసు ప్రభుత్వంవారే అచ్చు వేయించారు. 1933లో అభిమానులు, పండితులు కలిసి వ్యాససంపుటం సమర్పించారు. 1934లో కైజర్-ఇ-హింద్ స్వర్ణపతకం, 1938లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తువారి కళాప్రపూర్ణ వచ్చినవి. వీటిని గూర్చి ఇంతకంటె వ్రాయటం అనవసరం.

1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరింది. తెలుగువారి పట్టణం తెలుగు దేశానికి దూరం కాకూడదని రామమూర్తిగారు ఎంతో ప్రయత్నించారు. ఫలించలేదు. ఏబదియారేండ్లు పాఠాలు చెప్పి, బడులు పెట్టి, జ్వరాలు పడి, స్నేహాలు చేసిన ఊరిని డెబ్బదిమూడవ ఏట విడిచిపెట్టి రాజమహేంద్రవరం చేరారు. తెలుగు కోసం ఊరు విడిచారు. ఊరితోపాటు సవర కొండలు కూడా వెనుక ఉండిపోయినవి. ఏ కొండ కుటుంబాల మాటను నలుబదియేండ్లు వ్రాసుకొన్నారో ఆ కుటుంబాలు ఇక కంటికి కూడా దూరమైనవి. దుమ్ముగూడెం రేవు దాటి పాపికొండల నడుమ దిగువకు పోయే గోదావరి గట్టున, ఆ కొత్త ఊరిలో, ఆయన కాగితాల మూటలు విప్పి మళ్ళీ పనికి కూర్చొన్నారు.

మిగిలినది సవర-ఇంగ్లీషు నిఘంటువు. ఎప్పుడో యౌవనంలో పర్లాకిమిడి ఇంటి అరుగు మీద మొదలుపెట్టిన నోటుపుస్తకాలలోని మాటలు ఒక్కొక్కటిగా వరుసకు ఎక్కినవి. ఏ ధ్వనిని ఎక్కడ నొక్కాలి, ఏది దీర్ఘం, ఏది హ్రస్వం అని గుర్తులు పెట్టారు. అప్పటికి ఆయనకు ప్రక్కనున్నవారు బిగ్గరగా చెప్పినా వినబడటం కష్టం. సవరమాట వినిపించేవారు చేరువలో లేరు. జ్ఞాపకంలో నిలిచిన కంఠాలను బట్టి, కుమారుని సాయంతో, ఆ పని సాగింది. నిఘంటువు 1938లో మద్రాసులో అచ్చయింది. రామమూర్తిగారు 1940 జనవరి 22వ తేదీన దివంగతులైనారు. ఆయన పుట్టిన ఆగస్టు 29వ తేదీని తెలుగు భాషా దినంగా జరుపుకొంటున్నారు. ఆ నిఘంటువును సవర భాష నేర్చుకొనదలచినవారు నేటికీ తెరిచి చూస్తున్నారు.